దీనికి ఉప్పుటేరేది?

నాన్న అమెరికా వచ్చి మూడు వారాలైంది. చూపించాల్సినవాటి లిస్టులో డిస్నీల్యాండ్ ఉంది, హాలీవుడ్ ఉంది, శాన్‌డియాగో జూ ఉంది. ఆయన మాత్రం ఒక సాయంత్రం ఫోన్లో మ్యాపు పెద్దది చేసి చూస్తూ "అమ్మాయ్, ఎడారి మధ్యలో ఈ నీలం మచ్చేంటి, మన కొల్లేటికి రెండింతలుందే?" అని అడిగారు.

సాల్టన్ సీ అని చెప్పాను. పేరుకి సముద్రం, నిజానికి ఉప్పునీళ్ళ సరస్సు, కాలిఫోర్నియా మొత్తంలో అన్నిటికంటే పెద్దది. మేముండే రివర్‌సైడ్ నుంచి రెండు గంటల దారి, అయినా పదేళ్ళలో ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. కంపు కొడుతుందని అందరూ చెబుతారు, అందుకే. 2012 సెప్టెంబర్లో పెద్ద గాలి వీచి సరస్సు అడుగున మగ్గుతున్న కుళ్ళునంతా పైకి తెస్తే ఆ కోడిగుడ్డు కుళ్ళిన వాసన 150 మైళ్ళ అవతల లాస్ ఏంజెలెస్ దాకా పోయిందంట, ఆఫీసులో పాతవాళ్ళు ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్పుకుని నవ్వుతారు.

"కంపు నీళ్ళ పక్కనే కదమ్మా ముప్పై ఏళ్ళు నా ఉద్యోగం" అన్నారు నాన్న.

నిజమే. మాది కైకలూరు దగ్గర. నాన్న డ్రైనేజీ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. పంట కాలువల వాళ్ళకున్న మర్యాద మురుగు కాలువల వాళ్ళకు ఉండదని ఆయనకు ఎప్పుడూ ఒక బాధ. నీళ్ళు ఇచ్చేవాడికి దణ్ణం పెడతారు, నీళ్ళు తీసేవాడు వానాకాలంలో పొలం మునిగినప్పుడు తిట్టడానికి మాత్రమే గుర్తొస్తాడు అనేవారు. కాలువల్లో నీటికి అడ్డంపడే తూడు తీయించడం, గట్లు తెగితే రాత్రికి రాత్రి ఇసుక బస్తాలు వేయించడం, అదే ఆయన జీవితం. అలాంటి మనిషికి డిస్నీల్యాండ్ ఎందుకు నచ్చుతుంది చెప్పండి.

జనవరిలో ఒక శనివారం బయల్దేరాం. నేను, మా ఆయన, చిన్నోడు, నాన్న. బ్యాగులో నా ఇన్‌హేలర్, చిన్నోడిది కూడా. (మా ఇంట్లో ఆస్తమా వారసత్వం. చిన్నప్పుడు నన్ను మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్ళి, ఆ జనంలో నుంచుని చేప మందు మింగించారు. చేప గొంతులో కదిలినట్టు ఇప్పటికీ గుర్తుంది, ఆయాసం మాత్రం నాతోనే అమెరికా వచ్చింది.)

ఇండియో దాటాక ఖర్జూరం తోటలు మొదలవుతాయి. ఊళ్ళ పేర్లు మెక్కా, థర్మల్, ఒయాసిస్. నిమ్మ, ద్రాక్ష, మిరప, ఎటు చూసినా పచ్చగా ఉంటుంది, ఎడారి అని నమ్మబుద్ధి కాదు. ఆ తోటల్లో పనిచేసేవాళ్ళంతా మెక్సికో నుంచి వచ్చిన కూలీలు, వాళ్ళ ఇళ్ళు తోటల వెనక పాత ట్రైలర్లు, అంటే లాక్కొచ్చి నిలబెట్టిన బండి ఇళ్ళు. రోడ్డు మీద నుంచి చూస్తే ట్రైలర్లు కనపడవు, ఖర్జూరం చెట్లే కనపడతాయి.

తూర్పు ఒడ్డు వెంబడి హైవే 111 మీద పోతే వస్తుంది బాంబే బీచ్. అక్కడ బాంబే లేదు, బీచూ లేదు. 1950ల్లో, 60ల్లో ఈ ఒడ్డంతా సినిమావాళ్ళు పడవల్లో తిరగడానికి వచ్చే చోటు, మోటళ్ళు, పడవల క్లబ్బులు, నీటి మీద స్కీయింగ్. 1976, 77 వరసగా రెండేళ్ళు తుఫాన్లొచ్చి నీళ్ళు పెరిగి ఇళ్ళు మునిగాయి, ఆ తర్వాత ఉప్పు పెరిగి చేపలు చచ్చాయి, జనం వెళ్ళిపోయారు. ఇప్పుడు ఎవరో కళాకారులు పాత టీవీలూ తుప్పు పట్టిన కార్లూ పేర్చి బొమ్మలు చేసి పెట్టారు, ఫొటోల కోసం కుర్రాళ్ళు వస్తుంటారు. కట్ట ఎక్కి చూస్తే నీళ్ళు ఎక్కడో దూరంగా మెరుస్తున్నాయి. ఒకప్పుడు కట్ట దాకా ఉన్న నీళ్ళు.

చిన్నోడు తెల్లటి ఇసుక అనుకుని పరుగెత్తాడు. కాళ్ళ కింద పటపటమని చప్పుడు. నాన్న వంగి గుప్పెడు తీసి చూసి "ఇది ఇసుక కాదురా, ఎముకలు" అన్నారు. చేప ముళ్ళు, పొలుసులు, పడవల అడుగున అంటుకునే గుల్లలు. 1999 ఆగస్టులో ఒక్క రోజులోనే డెబ్బై లక్షలకు పైగా తిలాపియాలు తేలాయి ఇక్కడ. ఎండాకాలం నీళ్ళలో గాలి అయిపోతుంది, చేపకు ఊపిరి అందదు. చెరువుల ప్రాంతంలో పుట్టిన మనిషికి ఇది కొత్త విషయం కాదు, తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే ఏరియేటర్లు వేయించడానికి పరుగెత్తే రైతులు మా ఊరి నిండా ఉన్నారు. 800 చదరపు కిలోమీటర్ల చెరువుకి ఏ ఏరియేటర్ వేస్తారు?

నాన్న కాసేపు అటూ ఇటూ చూసి అడిగిన ప్రశ్న ఇది: "నీళ్ళు వచ్చే దారి కనపడుతుంది, సరే. పోయే దారేది? దీనికి ఉప్పుటేరేది?"

లేదు. మొత్తం కథ అక్కడే ఉంది.

కొల్లేట్లోకి బుడమేరు, తమ్మిలేరు, పొలాల మురుగు అంతా వచ్చి పడినా ఉప్పుటేరు దాన్ని సముద్రానికి మోసుకుపోతుంది. (ఆ ఉప్పుటేరు మీద రెగ్యులేటర్ కడతామని ఎన్నేళ్ళుగా వింటున్నామో, అది ఇంకో పోస్టు.) సాల్టన్ సీ సముద్ర మట్టానికి డెబ్బై మీటర్లు కింద ఉంది. గిన్నె అడుగు లాంటిది. ఒకసారి లోపలికి వచ్చిన నీళ్ళకి బయటికి పోయే దారి ఎండ ఒక్కటే. ఏడాదికి ఆరడుగుల నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, పొలాల ఎరువులూ పోవు, పురుగుమందుల మిగుళ్ళూ పోవు. ఏటా వచ్చే నీళ్ళూ ఏటా పోయే నీళ్ళూ సమానంగా ఉన్నన్నాళ్ళూ మట్టం నిలబడింది, ఉప్పు మాత్రం ఎక్కుతూనే వచ్చింది. ఇప్పుడు సముద్రపు నీటికి రెండింతల ఉప్పు.

అసలు ఇది ఎలా పుట్టిందో చెబితే నాన్నకు నవ్వాగలేదు. సరస్సుకి దక్షిణాన ఉండే ఇంపీరియల్ వ్యాలీకి కొలరాడో నది నుంచి కాలువ తెచ్చిన కంపెనీ వాళ్ళు, కాలువ మొదట్లో పూడిక పడి నీళ్ళు రావడం లేదని 1904లో నది గట్టుకి ఇంకో చోట గండి కొట్టారు, దానికి గేటు పెట్టలేదు. "గేటు పెట్టకుండా నది గట్టు కొట్టారా?" అని నాన్న రెండుసార్లు అడిగారు. 1905లో వరదలొచ్చాయి, ఆ గండి పెద్దదై పెద్దదై నది మొత్తం ఇటు తిరిగింది. పూడ్చడానికి రెండేళ్ళు పట్టింది. చివరికి రైల్వే కంపెనీ రైళ్ళ కొద్దీ బండరాళ్ళు తెచ్చి పోస్తే 1907 ఫిబ్రవరిలో గండి మూసుకుంది. అప్పటికే ఇక్కడ సముద్రం తయారైంది.

అంతకు ముందు కూడా వేల ఏళ్ళుగా నది ఎప్పుడన్నా ఇటు తిరిగినప్పుడల్లా ఇక్కడ సరస్సు ఏర్పడటం, ఎండిపోవడం జరుగుతూనే ఉంది. ఇక్కడి ఆదివాసులు కవియా జాతి వాళ్ళు ఆ పాత సరస్సు ఒడ్డున చేపలు పట్టడానికి రాళ్ళు పేర్చి కట్టిన మాటులు ఇప్పటికీ కొండ పాదాల దగ్గర ఉన్నాయి. 1907 నాటి సరస్సు కూడా అలాగే ఎండిపోవాల్సింది. ఎండిపోకుండా కాపాడింది మురుగే. 1924లో ప్రెసిడెంట్ కూలిడ్జ్ ఈ పల్లంలోని భూమిని పొలాల మురుగు చేరడానికని అధికారికంగా కేటాయించారు. అంటే ఇది అక్షరాలా డ్రైనేజీ శాఖ సరస్సు. ఆ మాట చెప్పినప్పుడు నాన్న మొహంలో కనపడిన తృప్తి చూడాలి.

ఇక నీళ్ళ లెక్క. ఆ వ్యాలీ పొలాలకి నీళ్ళిచ్చే సంస్థ ఇంపీరియల్ ఇరిగేషన్ డిస్ట్రిక్ట్‌కి కొలరాడో నది నుంచి ఏడాదికి 31 లక్షల ఎకరా-అడుగుల హక్కుంది. మన లెక్కలో 135 టీఎంసీలు. సాగయ్యే భూమి ఐదు లక్షల ఎకరాల లోపు. మన కృష్ణా డెల్టాకు 181 టీఎంసీలతో 13 లక్షల ఎకరాలు అని నాన్నకు నోటికి వచ్చు, వేళ్ళ మీద లెక్కేసి "ఇంత నీళ్ళా?" అని ఆశ్చర్యపోయారు. ఎడారి కదా, వాన ఉండదు, ఏడాది పొడవునా పంట, అందులోనూ ఆల్ఫాల్ఫా అనే పశువుల మేత, అది తాగే నీళ్ళకు అంతుండదు. ఆ పొలాల్లోంచి జారి వచ్చిన నీళ్ళే సాల్టన్ సీకి ప్రాణం.

కాలిఫోర్నియా తన వాటాకి మించి కొలరాడో నీళ్ళు వాడుకుంటోందని పక్క రాష్ట్రాలు గొడవ చేస్తే, 2003లో ఒక ఒప్పందం కుదిరింది. ఇంపీరియల్ వ్యాలీ రైతులు నీళ్ళు పొదుపు చేయాలి, పొదుపు చేసిన నీళ్ళు శాన్‌డియాగో ప్రాంతానికి అమ్మాలి. కాగితం మీద చాలా మంచి పని. నీళ్ళు వృథా చేయొద్దని చిన్నప్పటినుంచి మనకి చెప్పిందే కదా. కానీ ఇక్కడ రైతు వృథా చేసిన నీళ్ళే సరస్సు. డ్రిప్ వేసినా, కాలువకి సిమెంటు పూసినా, పొలం చివర జారే నీళ్ళని మళ్ళీ ఎత్తిపోసుకున్నా, ప్రతి పొదుపూ ఈ ఒడ్డున ఇంకొంత నేలని బయటపెడుతుంది. మురుగు తగ్గడం మంచిదా చెడ్డదా అని నాన్నని అడిగితే, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన దగ్గర మొదటిసారి జవాబు లేదు.

ఈ సంగతి ఒప్పందం రాసినవాళ్ళకి తెలియదా అంటే బాగా తెలుసు, నాకు కోపం వచ్చేది అక్కడే. అందుకే 15 ఏళ్ళ గడువు పెట్టారు. 2017 చివరి దాకా సరస్సుకి నష్టపరిహారంగా నీళ్ళు వదులుతూనే ఉంటారు, దానికోసం కొన్ని పొలాలు బీడు పెడతారు, ఈలోపు కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం బాధ్యత తీసుకుని సరస్సుకి ఏం చేయాలో చేసి పెట్టాలి. అది మాట. 2007లో 890 కోట్ల డాలర్లతో పెద్ద ప్లాన్ వేశారు, సరస్సుని గట్లతో విడగొట్టి, ఒక వైపు చేపలు బతికేలా సముద్రమంత ఉప్పుండే నీళ్ళు, ఒక వైపు ఉప్పు గుంట. ఆ అంకె చూసి శాసనసభలో ఎవరూ కదల్లేదు. వెంటనే ఆర్థిక మాంద్యం. తర్వాత రిపోర్టు మీద రిపోర్టు. 2014లో పసిఫిక్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ, ఏమీ చేయకుండా కూర్చుంటే ముప్పై ఏళ్ళలో పడే భారం 2,900 కోట్ల నుంచి 7,000 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని లెక్కకట్టి చెప్పింది. అంటే ప్లాన్ ఖరీదు కంటే ఊరుకోవడం ఖరీదెక్కువ. 2015లో రాష్ట్రం సొంత పర్యవేక్షణ సంఘం లిటిల్ హూవర్ కమిషన్ కూడా సమయం అయిపోతోందని మొత్తుకుంది. పదిహేనేళ్ళంటే అప్పుడు పుట్టిన పిల్ల టెన్త్ పరీక్షలు రాసే వయసు. 2018 జనవరికి నీళ్ళు ఆగిపోయాయి, ఒడ్డున చెప్పుకోదగ్గ పని ఒక్కటీ పూర్తి కాలేదు.

పరీక్ష తేదీ పదిహేనేళ్ళ ముందే చెప్పినా ముందు రోజు రాత్రి పుస్తకం తీసేవాళ్ళు మా హాస్టల్లోనే ఉన్నారనుకునేదాన్ని.

ఆ నీళ్ళు తగ్గడం వల్ల ఎవరికి నష్టం? పక్షులకి సరే. కానీ ముందు దుమ్ము. సరస్సు అడుగున వందేళ్ళుగా చేరిన మెత్తటి బురద ఎండి పొడి అవుతుంది, గాలికి లేస్తుంది, అందులో ఆర్సెనిక్, సెలీనియం, ఎప్పుడో నిషేధించిన డీడీటీ తాలూకు మిగుళ్ళు. ఇంపీరియల్ కౌంటీలో ఆస్తమాతో ఎమర్జెన్సీకి పోయే పిల్లలు రాష్ట్ర సగటుకి దాదాపు రెండింతలు. ఇదంతా సరస్సు పాపమే అనడం కూడా సరికాదు, ఎడారి దుమ్ము ఎప్పుడూ ఉంది, పొలాల్లో తగలబెట్టే గడ్డి ఉంది, సరిహద్దు అవతల మెక్సికాలీ ఊరి వైపు నుంచి వచ్చే పొగ ఉంది. అయినా ఇప్పటికే ఊపిరి ఆడని చోట కొత్తగా వేల ఎకరాల పౌడరు డబ్బా మూత తెరవడం ఏమిటి? అక్కడి బ్రాలీ అనే ఊళ్ళో స్థానికులే ఒక సంఘంగా ఏర్పడి, ప్రభుత్వ యంత్రాలు సరిపోవడం లేదని సొంతంగా గాలి నాణ్యత కొలిచే మీటర్లు ఊరూరా పెట్టుకున్నారు, ఏ రోజు పిల్లలని బయట ఆడించకూడదో బడి ముందు రంగు జెండాలు పెట్టి చెప్పే ఏర్పాటు కూడా ఉంది.

గాలి వీచే రాత్రి తలుపులూ కిటికీలూ బిగించుకుని, తడిగుడ్డ పెట్టుకుని, పిల్లాడి వీపు నిమురుతూ తెల్లవార్లూ కూర్చోవడం ఏంటో నాకు తెలుసు. మా అమ్మ కూర్చుంది, నేను కూర్చున్నాను. నా ఇన్సూరెన్స్ కార్డు వేరు, ట్రైలర్లో ఉండే తల్లి కార్డు వేరు, ఆ గంట మాత్రం ఒకటే.

ఇంకో సంగతి. టోరెస్ మార్టినెజ్ అనే కవియా తెగ వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన రిజర్వేషన్ భూమిలో దాదాపు సగం 1905 వరదలో మునిగిపోయింది. నూరేళ్ళు నీళ్ళ కింద ఉన్న భూమి ఇప్పుడు మెల్లగా తేలి వాళ్ళకి తిరిగి వస్తోంది, విషపు దుమ్ముగా. వాళ్ళు మాత్రం ఎవరి కోసం ఆగకుండా ఉత్తరం ఒడ్డున సొంతంగా తడి నేలలు తయారు చేసుకోవడం ఎప్పుడో మొదలుపెట్టారు.

సరే, ఇప్పుడు ప్రభుత్వం ఏం చేస్తోంది?

మొదట నాకూ అందరికీ వచ్చే ఆలోచనే వచ్చింది. మెక్సికో వైపు సముద్రం దగ్గరే కదా, కాలువ తవ్వి నీళ్ళు తెచ్చి నింపొచ్చు కదా అని. నాన్న వెంటనే "ఉప్పు నీళ్ళలో ఉప్పు నీళ్ళు పోస్తే ఉప్పు ఎక్కడికి పోద్దమ్మా?" అన్నారు. 2022లో రాష్ట్రం వేసిన స్వతంత్ర నిపుణుల కమిటీ కూడా సముద్రం నుంచి నీళ్ళు తెచ్చే ప్రతిపాదనలన్నీ పక్కన పెట్టింది. వాళ్ళకి ఏడాది పట్టింది, నాన్నకి అర నిమిషం. (నాన్న ఈ లైను చదివి మురిసిపోతారు, అందుకే రాశాను.)

కాబట్టి పాత సరస్సుని తిరిగి నింపే పని ఎవరూ చేయడం లేదు. సరస్సు పునరుద్ధరణ అని పేపర్లో చదివి నిండు నీళ్ళు ఊహించుకుంటే మోసపోతాం. 2017లో వేసిన పదేళ్ళ ప్లాన్ లెక్క వేరే: బయటపడ్డ నేలలో 2028కల్లా దాదాపు 30 వేల ఎకరాల్ని కప్పాలి. కొంత నీళ్ళతో, కొంత మొక్కలతో, కొంత ఉత్త దున్నడంతో. అంటే సరస్సుకి ప్రాణం పోయడం కాదు, పోయే సరస్సు వెనక మిగిలే నేలని మచ్చిక చేసుకోవడం. మొదట వినగానే ఓడిపోయినవాళ్ళ మాటలా అనిపించింది నాకు. ఆలోచించిన కొద్దీ, అందరూ నిజం ఒప్పుకుని చేసిన మొదటి ప్లాన్ ఇదేనేమో అనిపిస్తోంది.

అందులో పెద్ద పని దక్షిణం వైపు, న్యూ రివర్ అనే నది వచ్చి కలిసే చోట. పేరు బాగుంది గానీ అది మెక్సికాలీ మురుగూ పొలాల మురుగూ మోసుకొచ్చే కాలువ. అక్కడ 4,110 ఎకరాల్లో గట్లు కట్టి చెరువులు చేసే పని 2021లో మొదలైంది, తర్వాత కేంద్రం డబ్బు రావడంతో 9 వేల ఎకరాలు దాటేలా పెంచారు. 2025లో తొలి చెరువుల్లోకి నీళ్ళు వదిలారు. పని జరిగే తీరు నాన్నకి తెగ నచ్చింది: సరస్సులోంచి చిక్కటి ఉప్పునీళ్ళు పంపులతో తోడి, నది నీళ్ళతో కలిపి, చేప బతికేంత ఉప్పు ఉండేలా సరిచేస్తారు. ఉప్పు ఎక్కువైతే చేప చస్తుంది, బాగా తగ్గితే దోమలు పెరుగుతాయి. రొయ్యల చెరువులో సెలైనిటీ చూసుకునే కుర్రాళ్ళు ఇక్కడికొస్తే సూపర్‌వైజర్ ఉద్యోగం గ్యారంటీ అని మా ఆయన జోకు. మధ్య మధ్య దీవులు కట్టారు, నక్కలు రాకుండా పక్షులు గుడ్లు పెట్టుకోడానికి.

డబ్బు కూడా ఇప్పటికి కొంచెం కదిలింది. 2018లో ఓటర్లు ఆమోదించిన రాష్ట్ర అప్పు బాండ్లలో 20 కోట్ల డాలర్లు దీనికి, 2022 చివర్లో కేంద్రం 25 కోట్ల డాలర్లు ప్రకటించింది, 2024లో ఇంకో బాండులో 17 కోట్లు. కేంద్రం ఊరికే ఇవ్వలేదు, కొలరాడో నది ఎండిపోతోంది కాబట్టి రైతులు ఇంకా నీళ్ళు వదులుకోవాలి, వదులుకుంటే సరస్సు ఇంకా తగ్గుతుంది, ఆ తగ్గినదానికి ఈ డబ్బు. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో కట్టు కట్టడం. 2024లోనే సాల్టన్ సీ కన్సర్వెన్సీ అని కొత్త సంస్థకి చట్టం చేశారు, కట్టిన చెరువులని ఏళ్ళ తరబడి చూసుకోవడానికి. నన్నడిగితే ఇన్నిటిలో ముఖ్యమైనది ఇదే. కట్టడానికి రిబ్బన్ కత్తిరించేవాళ్ళు దొరుకుతారు, తర్వాత తూములు శుభ్రం చేసేవాళ్ళకి జీతం ఎవరిస్తారన్నదే ఎప్పుడూ గొడవ.

లిథియం గురించి కూడా అందరూ అడుగుతారు. సరస్సు దక్షిణం కొస భూగర్భంలో ఉడుకు నీళ్ళున్నాయి, వాటితో కరెంటు తీసే ప్లాంట్లు ఎప్పటినుంచో ఉన్నాయి, ఆ నీళ్ళలో 37 కోట్లకు పైగా కార్ల బ్యాటరీలకి సరిపడా లిథియం ఉందని 2023లో కేంద్ర ఇంధన శాఖ అధ్యయనం చెప్పింది. దాంతో ఇక్కడ భూములకి రెక్కలొచ్చాయి. ఉద్యోగాలొస్తే సంతోషమే. వాగ్దానాల విషయంలో ఈ ఒడ్డున వాళ్ళకి అనుభవం ఎక్కువ కాబట్టి వాళ్ళు ఎగిరి గంతెయ్యడం లేదు.

మధ్యాహ్నం దక్షిణం వైపు పక్షుల రక్షిత కేంద్రానికి వెళ్ళాం. శీతాకాలం కదా, పొలాల్లో వేల కొద్దీ తెల్ల బాతులు. పెలికన్లు (మన గూడబాతులు) మాత్రం పదో పన్నెండో. 1996లో జబ్బు చేసిన చేపలు తిని ఇక్కడ వేల పెలికన్లు చచ్చిపోయాయి, ఆ తర్వాత ఉప్పెక్కి తిలాపియా తగ్గేసరికి వాటి రాకా తగ్గింది. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో చెట్ల మీద గూడబాతుల్ని చూస్తూ పెరిగినవాళ్ళం, నాన్న బైనాక్యులర్స్ చిన్నోడి చేతిలోంచి లాక్కుని మరీ చూశారు. "మన వాటికంటే తెల్లగా ఉన్నాయి, లావుగా కూడా" అన్నారు, ఏదో మన పక్షులకి తిండి సరిగ్గా పెట్టనట్టు.

తిరుగు దారిలో పడమటి ఒడ్డున హైవే 86 పక్కగా ఒకచోట కారాపమన్నారు. దూరంగా దున్నిన చాళ్ళు, వరసల మధ్య గడ్డి మోపులు పెట్టి ఉన్నాయి.

"ఇదేం పంట?"

"పంట కాదు నాన్నా. దుమ్ము లేవకుండా దున్నారు."

"దున్నితే దుమ్ము లేస్తుంది గానీ లేవకుండా దున్నడమేంటే?"

గాలికి అడ్డంగా లోతుగా చాళ్ళు వేస్తే గాలి వేగం నేల దగ్గర తగ్గుతుందని, ఎగిరొచ్చే ఇసుక చాళ్ళలో పడిపోతుందని, గడ్డి మోపుల చాటున ఎడారి మొక్కలు నాటుతారని నేను చదివింది చెప్పాను. ఓవెన్స్ లేక్ గురించి కూడా. లాస్ ఏంజెలెస్ వాళ్ళు 1913లో కాలువ కట్టి ఆ సరస్సు నీళ్ళు పట్టుకుపోతే 1926కల్లా అది ఎండిపోయింది, దాని దుమ్ము అణచడానికి ఇప్పటిదాకా 250 కోట్ల డాలర్లు దాటింది ఖర్చు, ఈ చాళ్ళూ మొక్కలూ కంకరా అన్నీ అక్కడ నేర్చుకున్నవే. నాన్న వింటున్నారో లేదో తెలియదు. ఫెన్సింగ్ దగ్గర వంగి, అందినంత దూరంలో ఉన్న ఒక బెడ్డ తీసి, వేళ్ళతో నలిపారు. నలగలేదు. "బంక నేల. తడి మీద దున్నినట్టున్నారు, అందుకే బెడ్డలు లేచాయి. వానొచ్చి బెడ్డ కరిగితే మళ్ళీ దున్నాలి. ఏటా దున్నాల్సిందే ఇది."

"ఎన్నాళ్ళు?"

"నీళ్ళు రానన్నాళ్ళు."

రాత్రి ఇంటికొచ్చాక చిన్నోడు కాస్త దగ్గాడు, రెండు పఫ్‌లు వేశాక పడుకున్నాడు. నాన్న చెప్పులు బయట ట్యాపు కింద కడుగుతూ ఒక్కో చేప ముల్లూ ఏరి పారేశారు, ఒక గుల్ల మాత్రం జేబులో వేసుకున్నారు, ఊళ్ళో చూపించడానికంట.

మార్చిలో వెళ్ళిపోయారు. వెళ్ళినప్పటినుంచి వారానికోసారి ఫోన్లో అడుగుతారు, ఆ చెరువుల్లో నీళ్ళెంత దాకా వచ్చాయని. మొన్న ఆదివారం కూడా అడిగారు, ఇంకా నింపుతున్నారంట నాన్నా అన్నాను. ఒక నిమిషం ఆలోచించి, "నది నీళ్ళు లోపలికొచ్చే తూము దగ్గర తూడు పట్టుద్ది అమ్మాయ్, ముందే చూసుకోమను వాళ్ళని" అన్నారు.